సమకాలీన కళాకృతిని కొనేముందు ఆలోచననూ అందాన్నీ తూచడం ఎలా

ఒక గదిలో రెండు కళాకృతులు ఉన్నాయనుకుందాం. మొదటిది పెద్ద కాన్వాసు. నీలం మీద నారింజ రంగు పొరలు పొరలుగా పరుచుకుని, గదిలో అడుగుపెట్టినవారి చూపును వెంటనే తనవైపు లాక్కుంటుంది. కాని అది దేని గురించి అని అడిగితే చెప్పడానికి ఎవరి దగ్గరా పెద్దగా మాట ఉండదు. రెండవది ఒక చెక్కబల్ల మీద పేర్చిన పాత రసీదుల దొంతర. కంటికి అందులో ఏమీ కనిపించదు. కాని పక్కనున్న ఫలకం మీది నాలుగు వాక్యాలు చదివితే మనసు కలుక్కుమంటుంది. మీ దగ్గర ఒకదానికి సరిపడా డబ్బు మాత్రమే ఉంది. ఏది కొనాలి?

ప్రదర్శన చూడటానికి వచ్చినవారికి ఈ ప్రశ్నతో అంత అవసరం లేదు. వారు రెండింటినీ చూసి, ఒకదాన్ని మెచ్చుకుని, మరొకదాని గురించి కాసేపు వాదించుకుని వెళ్ళిపోవచ్చు. కొనేవారు ఆ వస్తువుతో కలిసి బతకాలి, దాని దుమ్ము దులపాలి, దాన్ని ఎండ నుంచీ తేమ నుంచీ కాపాడాలి, మరొకరికి ఇవ్వాలన్నా అమ్మాలన్నా దానికి సంబంధించిన కాగితాలు భద్రంగా ఉంచుకోవాలి. అందువల్ల ఈ వ్యాసంలో ఆలోచన అన్నా, కాన్సెప్ట్ అన్నా, అందం అన్నా కొనుగోలుదారు వైపు నుంచే మాట్లాడుతున్నాను. నేను నమ్మే పద్ధతి స్థూలంగా ఇది: ఆలోచనకు ఎన్ని మార్కులు, అందానికి ఎన్ని మార్కులు అని విడివిడిగా వేసి కూడటం వల్ల ఏమీ తేలదు, ఆ ఆలోచనకు ఆ రూపమే కావలసి వచ్చిందా, ఆ రూపం ఆ ఆలోచన తెలిశాక మారి కనిపిస్తోందా అన్నది చూడాలి.

ఫలకం చదవక ముందు

మొదటి చూపు ఎప్పుడూ కంటిదే కావాలి. గ్యాలరీలో అడుగుపెట్టగానే ఫలకం దగ్గరికీ, ధరల పట్టిక దగ్గరికీ వెళ్ళేవారు ఎక్కువ. ఆ రెండూ చదివిన తరువాత కన్ను స్వతంత్రంగా చూడటం మానేస్తుంది, చదివినదాన్ని వెతుక్కోవడం మొదలుపెడుతుంది. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో సందర్శకులను గమనించి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఒక్కో చిత్రం ముందు మనిషి సగటున నిలబడే సమయం సుమారు 27 సెకన్లని తేలింది. ఫలకం చదివే సమయం కూడా అందులోనే కలిసి ఉంది. చూడటానికి ఆ సమయం చాలునేమో కాని కొనడానికి చాలదు. కనీసం పది నిమిషాలు నిలబడండి. దూరం నుంచి ఒకసారి, చేతికందేంత దగ్గర నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి చూడండి. అంచులు చూడండి, మధ్యభాగం మీద ఉన్న శ్రద్ధ అంచుల దగ్గరికి వచ్చేసరికి సన్నగిల్లిందా అన్నది కళాకారుడి చేతిని గురించి చాలా చెబుతుంది. తరువాత బయటికి వెళ్ళి, ఒక కాగితం మీద ఆ కృతిని జ్ఞాపకం నుంచి గీయడానికి ప్రయత్నించండి. బొమ్మ బాగా రావలసిన అవసరం లేదు. ఏది గుర్తుందో, ఏది జారిపోయిందో తెలుసుకోవడానికే ఆ కాగితం.

అందం అని మనం టోకున పిలిచేదాంట్లో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి వెంటనే పట్టుకునేది, రెండవది నెమ్మదిగా పట్టుకుని వదలనిది. పెద్ద పరిమాణం, గాఢమైన రంగు, అద్దంలా మెరిసే ఉపరితలం, ఒకే ఆకారాన్ని వందలసార్లు పేర్చడం వంటివి దాదాపు ఎవరి చూపునైనా ఆపగలవు. ఇవి తప్పులు కావు, కాని వీటి ప్రభావం త్వరగా అరిగిపోతుంది. పైగా గ్యాలరీలోని తెల్లని ఎత్తైన గోడ, చుట్టూ వదిలిన ఖాళీ, పైనుంచి లెక్కగా పడే దీపం ఆ ప్రభావాన్ని రెట్టింపు చేస్తాయి. మీ ఇంట్లో ఆ గోడా ఉండదు, ఆ దీపమూ ఉండదు. నెమ్మదిగా పట్టుకునే అందం వేరు. మొదటిసారి కనిపించని రేఖ మూడవసారి కనిపిస్తుంది, ఉదయపు వెలుగులో ఒకలా ఉన్న రంగు సాయంత్రానికి మరొకలా మారుతుంది. ఫోన్ తెరమీద చూసి కొనేవారు ఈ రెండవ రకాన్ని కనిపెట్టడం చాలా కష్టం, ఎందుకంటే తెర మొట్టమొదట మింగేసేది పరిమాణాన్నీ ఉపరితలాన్నీ.

కేవలం కంటికి నచ్చడాన్ని నమ్ముకుని బజారంతా ఒకవైపు పరుగెత్తితే ఏమవుతుందో 2010 తరువాతి సంవత్సరాల్లో కనిపించింది. శుభ్రంగా, ఆధునికంగా, ఏ గోడకైనా అమరేలా ఉన్న నైరూప్య చిత్రాలు కుప్పలుగా వచ్చాయి; యువ చిత్రకారుల కాన్వాసుల ధరలు కొద్దికాలంలోనే ఆకాశానికి ఎగసి, అంతే త్వరగా చాలావరకు కిందికి దిగాయి. ఆ ధోరణికి విమర్శకుడు వాల్టర్ రాబిన్సన్ 2014లో ‘జాంబీ ఫార్మలిజం’ అని పేరు పెట్టాడు: రూపవాదం, అంటే రంగు, రేఖ, ఆకారమే కళకు సర్వస్వమన్న ధోరణి, చచ్చి, ప్రాణం లేకుండా లేచి తిరుగుతోందని దాని భావం. మన భాషలో దీనికి ఎప్పటినుంచో మాట ఉంది, పైన పటారం, లోన లొటారం.

ఆలోచనను పరీక్షించడం

ఆలోచనే కళ కాగలదన్న వాదానికి మూలంగా అందరూ చూపేది 1917లో మార్సెల్ డ్యూషాంప్ ‘ఫౌంటెన్’ అని పేరు పెట్టి ప్రదర్శనకు పంపిన పింగాణీ మూత్రపాత్ర. దాన్ని ప్రదర్శించలేదు; అసలు వస్తువు పోయింది కూడా. నేడు మ్యూజియంలలో కనిపించేవి ఎక్కువగా 1964లో ఆయన అనుమతితో చేసిన నకళ్ళు. వస్తువు పోయినా ఆలోచన పోలేదు. 1967లో అమెరికన్ కళాకారుడు సాల్ లెవిట్ ఒక వ్యాసంలో, ఇటువంటి కళలో ఆలోచనే కళను తయారుచేసే యంత్రమవుతుందని రాశాడు. తరువాతి సంవత్సరం ఆయన గోడచిత్రాలు మొదలుపెట్టాడు; వాటికి ఆయన సూచనలు రాసి ఇవ్వడం, ఇతరులు వాటిని గోడమీద గీయడం ఆనవాయితీ అయింది. (ఆలోచనే ముఖ్యమన్న ఆ మనిషి గోడచిత్రాలు కళ్ళు తిప్పుకోనివ్వనంత అందంగా ఉంటాయి. సిద్ధాంతం రాసిన చేయి, గీత గీయించిన చేయి ఒకదానికొకటి సంజాయిషీ చెప్పుకోనక్కర లేదని అనిపిస్తుంది.)

కొనేవారు ఆలోచనను ఎలా పరీక్షించాలి? ముందుగా దాన్ని మీ సొంత మాటల్లో రెండు వాక్యాలలో చెప్పి చూడండి. ఫలకం మీది భాష వాడకూడదు. జ్ఞాపకం, అస్తిత్వం, వలస, దేహం, సరిహద్దులు వంటి మాటలు ఎంతో బరువైనవి, కాని వాటిని ఏ కృతి పక్కనైనా అంటించవచ్చు. ఆ ఫలకాన్ని తీసి పక్క గదిలోని మరొక కృతి కింద పెట్టినా ఎవరికీ తేడా తెలియకపోతే, అక్కడ ఉన్నది ఆలోచన కాదు, ఆలోచన పేరుతో రాసిన గద్యం. మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు అన్న సామెతకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

తరువాత పదార్థాన్ని మార్చి చూడండి. ఇదే ఆలోచనను వేరే వస్తువుతో, వేరే పరిమాణంలో చేస్తే ఏం పోతుంది? ఈ పరీక్షకు నాకు ఎప్పుడూ గుర్తుకొచ్చేది ఫెలిక్స్ గొంజాలెజ్-టోరెస్ 1991లో చేసిన మిఠాయిల కుప్ప. రంగురంగుల కాగితాలు చుట్టిన చిన్న మిఠాయిలు ఒక మూలన పోసి ఉంటాయి. వాటి ఆదర్శ బరువు 175 పౌండ్లు, అంటే సుమారు 79 కిలోలు. చూసేవారు ఒక్కొక్కటి తీసుకుని తినవచ్చు. కుప్ప తరిగిపోతుంది, దాన్ని మళ్ళీ నింపవచ్చు. ఆ కృతి శీర్షికలో ఉన్న రాస్ కళాకారుడి సహచరుడు. ఎయిడ్స్‌తో అదే సంవత్సరం మరణించాడు. ఆ బరువును ఆరోగ్యంగా ఉన్న ఒక మనిషి బరువుగా చాలామంది అర్థం చేసుకుంటారు. ఇప్పుడు మిఠాయిల స్థానంలో గులకరాళ్ళు పెట్టి చూడండి. తీపి పోయింది, నోట్లో కరగడం పోయింది, మీరే ఆ దేహాన్ని కొంత కొంతగా తరిగిస్తున్నారన్న ఎరుక పోయింది. ఆలోచన ఆ పదార్థాన్ని విడిచి ఉండలేదన్నమాట. ఇంకో సంగతి, ఆ మూల కంటికి పండుగలా ఉంటుంది. కథ తెలిసిన తరువాత ఆ మెరుపే గుండెను పిండుతుంది.

మూడవ పరీక్ష కొంచెం చదువు అడుగుతుంది. ఇదే మాటను ఇంతకుముందు ఎవరైనా అన్నారా? 1953లో రాబర్ట్ రౌషెన్‌బర్గ్, అప్పటికే గొప్ప పేరున్న విలెమ్ డి కూనింగ్ దగ్గరకు వెళ్ళి ఒక చిత్రం అడిగి తీసుకుని, దాన్ని ఎంతో శ్రమపడి రబ్బరుతో చెరిపేశాడు. చెరపడం కూడా గీయడం వంటిదేనా అన్న ప్రశ్న ఆ తెల్లబోయిన కాగితం మీద ఇప్పటికీ ఉంది. ఆ పని అప్పుడు, ఆ చిత్రకారుడి చిత్రంతో, అతడి అనుమతితో జరిగింది గనుక దానికి అంత విలువ. ఈరోజు ఎవరైనా మరొకరి చిత్రాన్ని చెరిపి అమ్మజూపితే, దాన్ని కొనడానికి ఆ పాత కథ మీద మరొక మలుపు ఉండాలి. లేకుంటే మీరు కొనేది పునరుక్తి. పాత ఆలోచనలన్నీ నిషిద్ధం అనడం లేదు. చిత్రకళలో ప్రకృతి దృశ్యం కూడా పాత ఆలోచనే. కాని కేవలం కొత్తదనం పేరుతోనే అమ్ముడుపోయే వస్తువు కొత్తది కాకపోతే అందులో ఇంకేం మిగిలిందని అడగాలి.

ఒకసారి వింటే అయిపోయే హాస్యోక్తికీ, తిరిగి తిరిగి తలచుకోదగిన ఆలోచనకూ ఉన్న తేడా కూడా ఇక్కడే తేలుతుంది. మౌరిజియో కాటెలాన్ 2019లో ఒక అరటిపండును టేపుతో గోడకు అంటించి, మయామీ బీచ్ కళాసంతలో 1,20,000 డాలర్ల ధరకు అమ్మకానికి పెట్టాడు. 2024 నవంబరులో సోథెబీస్ వేలంలో దాని ఒక ప్రతి రుసుములతో కలిపి 62 లక్షల డాలర్లకు పోయింది. కొన్నవారు ఆ పండును విలేకరుల ముందే తినేశారు. అందులో నష్టమేమీ లేదు, ఎందుకంటే వారు కొన్నది పండును కాదు, ఒక ధ్రువపత్రాన్నీ, పండు ఎలా అంటించాలో చెప్పే సూచనలనూ. నా అంచనాలో ఆ కృతికి ప్రాణం దాని ధరలోనే ఉంది. కళాసంతలో, కెమెరాల ముందు, ఆ ధరతోనే అది మాట్లాడుతుంది. అదే చమత్కారాన్ని అనుకరించి తక్కువ ధరకు అమ్మే వస్తువు కొన్నవారికి ధర మీద వేసిన ఛలోక్తి ధర లేకుండా మిగులుతుంది.

రెండూ కలిసేచోట

ఫలకం చదివిన తరువాత తిరిగి కృతి ముందు నిలబడండి. ఈ రెండవ చూపే తీర్పు చెప్పే చూపు. మూడు సంగతులు జరగవచ్చు. మాటలు చదివాక కృతి మారి కనిపించవచ్చు. లేదా, మాటలే చాలునని, కృతి వాటికి అలంకారం మాత్రమేనని అనిపించవచ్చు. అప్పుడు ఆ మాటలు అచ్చయిన కేటలాగు కొనుక్కుని ఇంటికి వెళ్ళడం ఉత్తమం. లేదా, మాటలు కృతికి ఏమీ చేర్చలేదని తెలియవచ్చు. అప్పుడు దాన్ని కంటికి నచ్చిన వస్తువుగానే భావించి, ఆ మేరకే ధర చెల్లించండి. అందుకు సిగ్గుపడవలసింది ఏమీ లేదు. అందంగా ఉంది గనుక కొన్నానని చెప్పడానికి జంకి, కొన్న తరువాత ఏదో సిద్ధాంతాన్ని అరువు తెచ్చుకునేవారిని చూస్తే నాకు జాలి కలుగుతుంది.

మారి కనిపించడం అంటే ఏమిటో ఎల్ అనాట్సుయి కృతుల ముందు స్పష్టంగా తెలుస్తుంది. ఘనాలో పుట్టి నైజీరియాలో దశాబ్దాల పాటు పనిచేసిన ఈ శిల్పి, మద్యం సీసాల మూతలనూ వాటి లోహపు పట్టీలనూ చదును చేసి, మడతపెట్టి, రాగి తీగతో వేలాదిగా కుట్టించి, గోడనిండా జారే వస్త్రంలాంటి విశాలమైన తెరలు చేస్తాడు. దూరం నుంచి అది బంగారు జరీ. దగ్గరికి వెళితే మద్యం కంపెనీల పేర్లు. పశ్చిమాఫ్రికాకు యూరోపియన్లు సరుకుల మార్పిడికి తెచ్చినవాటిలో మద్యం ఒకటన్నది గుర్తుకొస్తే, ఆ మెరుపు వెనక బానిస వ్యాపారపు చరిత్ర కదులుతుంది. మళ్ళీ వెనక్కి జరిగితే అదే బంగారు జరీ, కాని ఇప్పుడు అంత అమాయకంగా లేదు. అందం లేకపోతే మనం దగ్గరికి వెళ్ళేవాళ్ళం కాము. ఆలోచన లేకపోతే వెనక్కి జరిగి మళ్ళీ చూసేవాళ్ళం కాము.

దీనికి ఎదురు కొసన, చూడటానికి అతి సాదాగా ఉండే కృతులను కూడా ఇదే చూపుతో చూడాలి. ఆన్ కవారా 1966 జనవరి 4న మొదలుపెట్టి దశాబ్దాల పాటు, ఒకే రంగు నేపథ్యం మీద ఆరోజు తేదీని మాత్రమే తెల్లని అక్షరాలతో చిత్రిస్తూ పోయాడు. అర్ధరాత్రిలోగా పూర్తికాకపోతే ఆ కాన్వాసును నాశనం చేసేవాడు. ఫోటోలో అది అచ్చువేసిన పలకలా కనిపిస్తుంది. ఎదురుగా నిలబడితే ఆ అక్షరాలు చేత్తో దిద్దినవనీ, రంగు పలు పూతలుగా వేసిందనీ, ఒక మనిషికి రోజంతా ఇందులోనే గడిచిందనీ తెలుస్తుంది. ‘ఇందులో చూడటానికి ఏమీ లేదు’ అని కొట్టిపారేసేముందు, నిజంగా చూశామా అని ఒకసారి తరచి చూసుకోవాలి.

చేతికి వచ్చేది ఏమిటి

ఆలోచన ప్రధానమైన కృతిని కొనేటప్పుడు మీ చేతికి సరిగ్గా ఏం వస్తుందన్నది డబ్బు ఇవ్వకముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. లెవిట్ గోడచిత్రానికి ధ్రువపత్రమూ రేఖాపటమూ వస్తాయి. దుకాణంలో దొరికే ఫ్లోరసెంట్ గొట్టాలతో డాన్ ఫ్లావిన్ చేసిన కృతులకు ధ్రువపత్రం లేకపోతే ఆ గొట్టాలు మామూలు దీపాలే. వస్తువు లేకుండా మనుషుల కదలికలతోనూ మాటలతోనూ కృతులు చేసే టీనో సేగల్ అయితే కాగితమే ఉండకూడదంటాడు; నోటరీ సమక్షంలో నోటిమాటగానే అమ్మకం జరుగుతుంది. ఈ దారిలో అందరికంటే ముందుకు పోయినవాడు ఈవ్ క్లైన్: 1959 నుంచి 1962 వరకు ఆయన కంటికి కనిపించని ‘శూన్య స్థలాలను’ బంగారానికి అమ్మి రసీదు ఇచ్చేవాడు, కొన్నవారు ఆ రసీదును తగలబెట్టడానికి ఒప్పుకుంటే, తాను అందుకున్న బంగారంలో సగాన్ని సీన్ నదిలో విసిరేవాడు.

మన స్థాయిలో కొనేవారికి అంత దూరం అక్కరలేదు కాని కొన్ని ప్రశ్నలు తప్పనిసరి. ధ్రువపత్రం పోతే మళ్ళీ ఇస్తారా? విడిభాగం పాడైతే మార్చవచ్చా, మారిస్తే అది అదే కృతి అవుతుందా, ఖర్చు ఎవరిది? డేమియన్ హర్స్ట్ 1991లో రసాయనంలో ఉంచిన సొరచేప కుళ్ళడం మొదలై, 2006లో దాని స్థానంలో మరొక సొరచేపను పెట్టవలసి వచ్చింది. ఆలోచన ప్రధానం గనుక చేప మారినా కృతి మారలేదని ఆయన వాదం. దీనికి విరుద్ధంగా, ఈవా హెస్ లేటెక్స్‌తో (రబ్బరు పాలతో) చేసిన శిల్పాలలో ఆమె చేతి స్పర్శే ముఖ్యం, ఆ లేటెక్స్ కాలక్రమంలో గట్టిపడి, పెళుసెక్కి, రంగు మారింది. దాన్ని మార్చడం కుదరదు. అంటే ఆలోచన వైపు మొగ్గే కృతిలో పత్రాలే ప్రాణం, రూపం వైపు మొగ్గే కృతిలో పదార్థమే ప్రాణం. మీరు వేటిని కాపాడాలో కృతి ఎటు మొగ్గుతోందన్నదే నిర్ణయిస్తుంది. ప్రింట్లు, ఫోటోలు, వీడియోలకు ఎడిషన్‌లో (ఒకే కృతికి తీసిన పరిమిత ప్రతుల సముదాయంలో) మొత్తం ఎన్ని ప్రతులు, కళాకారుడి సొంత ప్రతులు వేరుగా ఎన్ని అని అడగాలి. కాగితం మీది కృతులకు మ్యూజియంలు సాధారణంగా 50 లక్స్‌కు (లక్స్ వెలుగు కొలత) మించని వెలుగును అనుమతిస్తాయి, కాబట్టి కిటికీ ఎదుటి గోడ వాటికి పనికిరాదు. కృతిని కొన్నంత మాత్రాన దాని కాపీరైట్ సాధారణంగా మీది కాదని కూడా గుర్తుంచుకోవాలి.

తక్కువ డబ్బుతో కొనేవారికి

హెర్బర్ట్ వోగెల్ న్యూయార్క్‌లో తపాలా ఉద్యోగి, ఆయన భార్య డొరొతీ లైబ్రేరియన్. ఆమె జీతంతో ఇల్లు గడుపుకుని, ఆయన జీతంతో 1960ల నుంచి కళాకృతులు కొన్నారు. వారు పెట్టుకున్న నియమాలు చాలా సాదావి: తమకు అందుబాటు ధరలో ఉండాలి, తమ ఒంటి పడకగది ఇంట్లో పట్టాలి. అప్పటికి ఎక్కువమంది చూడటానికే ఇష్టపడని మినిమల్ (అతి తక్కువ రూపాలతో చేసే), కాన్సెప్చువల్ (ఆలోచన ప్రధానమైన) కళను ఎంచుకుని, కళాకారుల స్టూడియోలకు వెళ్ళి, ఒకే కళాకారుడి పనిని ఏళ్ళ తరబడి వెంటాడుతూ నాలుగువేలకు పైగా కృతులు పోగుచేశారు. 1992లో ఆ సంగ్రహాన్ని వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌కు అప్పగించే ఏర్పాటు చేసుకున్నారు. 2008లో ప్రకటించిన పథకం కింద 50 రాష్ట్రాల సంస్థలకు 50 చొప్పున 2,500 కృతులు వెళ్ళాయి.

వారి సంగ్రహంలో డ్రాయింగులు చాలా ఉన్నాయి. అందులో ఒక ఉపాయం ఉంది. పెద్ద ఇన్‌స్టలేషన్‌ను (స్థలమంతా పరుచుకునేలా అమర్చిన కృతిని) కొనలేనివారు దాని సన్నాహక చిత్రాన్నో, కొలతలు రాసుకున్న కాగితాన్నో అడగవచ్చు. ఆలోచన ఇంకా రూపం వెతుక్కుంటున్న క్షణం ఆ కాగితం మీద ఉంటుంది; కొట్టివేతలూ, బాణం గుర్తులూ, అంచున రాసిన అంకెలూ కంటికీ బుద్ధికీ ఒకేసారి పని చెబుతాయి. ధర తక్కువ, నిలవ సులభం. ఒకే కళాకారుడి పది పదిహేను కృతులు చూసిన తరువాతే మొదటిది కొనండి. ఒక్క కృతిని మాత్రమే చూసి అది ఆలోచనా, ఆకస్మికమా అని తేల్చడం నిపుణులకే సాధ్యం కాదు.

ఆఖరుగా, కొన్ని గ్యాలరీలు కృతిని కొన్నిరోజులు ఇంట్లో ఉంచుకుని చూడటానికి ఇస్తాయి, అడగడానికి మొహమాటపడకండి. తిప్పి పంపే గడువు, రవాణా ఖర్చు, ఆ రోజుల్లో దెబ్బతింటే బాధ్యత ఎవరిదన్నది ముందే రాయించుకోండి. అతిథులు కూర్చునే గదిలో కాక, మీరు రోజుకు నాలుగుసార్లు నడిచే దారిలో దాన్ని పెట్టండి. మొదటి రెండు రోజులు దాని ముందు తప్పక ఆగుతారు, ఆ ఆగడాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఆరవ రోజో ఏడవ రోజో, వేరే పని మీద పోతూ అనుకోకుండా ఆగితే, గ్యాలరీకి ఫోన్ చేసి ధర గురించి మాట్లాడటం మొదలుపెట్టవచ్చు.